ఇంగ్లీషు సపోర్టు క్లాసులు, తెలుగు గుణింతాలు: ఒక హైస్కూలు డైరీ

జూన్ రెండో వారం

మాది శ్రీకాకుళం జిల్లాలో, వంశధారకి దగ్గర్లో ఉన్న జెడ్పీ హైస్కూలు. నేను ఇంగ్లీషు చెప్తాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చదవడం దగ్గరే ఆగిపోయిన పిల్లల కోసం ఈ ఏడాది విడిగా ఇంగ్లీషు సపోర్టు క్లాసులు పెట్టాలని హెచ్‌ఎం గారూ నేనూ వేసవి సెలవుల్లోనే అనుకున్నాం. ఏది పనికొచ్చింది, ఏది మధ్యలో ఆగిపోయింది అన్నది ఎప్పటికప్పుడు రాసి పెడితే, ఇలాంటిదే ఇంకో స్కూల్లో మొదలుపెట్టేవాళ్ళకి కొంత పని తగ్గుతుందని ఈ డైరీ.

పరిస్థితి ఇది. 2020-21 నుంచి మా పిల్లల చేతుల్లోకి రెండు భాషల పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మీడియం ఇంగ్లీషు. పిల్లలు కళ్ళు పెట్టేది తెలుగు పేజీ మీద, క్లాసులో వినేది రెండూ కలిసిన మాట, పరీక్షలో రాసేది బట్టీ పట్టిన ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం మంచిదా కాదా అన్న వాదన టీవీల్లో కావలసినంత జరిగింది, అందులోకి నేను దిగను. మీడియం ఏదైనా రేపు పొద్దున్న తొమ్మిదింటికి నా ముందు కూర్చునేది ఆ పిల్లగుంటలే, వాళ్ళకి పుస్తకం చదవడం రావాలి. అంతవరకే నా పని.

డబ్బులు ఏమీ లేవు. చార్టులు, స్కెచ్ పెన్నులు, నరసన్నపేటలో జెరాక్స్ ఖర్చు మా స్టాఫ్‌లో నలుగురం పంచుకుందాం అనుకున్నాం. క్లాసులో ఉన్న పెద్ద టచ్ ప్యానెల్ ఎలాగూ ఉంది, కరెంటు ఉన్నప్పుడు.

జూన్ చివరి వారం

గ్రూపులు చెయ్యడానికి ముందు పరీక్ష పెట్టాలి. రాత పరీక్ష పెడితే ఏం తెలియదు, పక్కవాడి పేపర్లో ఉన్నదే వీడి పేపర్లోనూ ఉంటుంది. అందుకని పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి ఎలా అడుగుతారో అలాగే, ఒక్కొక్కరినీ వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. ముందు పెద్ద ఏబీసీడీలు, తర్వాత చిన్నవి, తర్వాత మూడు అక్షరాల మాటలు, ఆఖరికి చిన్న వాక్యాలు. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోవడం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టదు గానీ పిల్లలందరూ అయ్యేసరికి వారం గడిచింది, ఎందుకంటే మధ్యలో సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు, కాంప్లెక్స్ మీటింగు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఉంటాయి కదా.

మా తెలుగు మాస్టారు ఒక మాట అన్నారు. "మీరు ఎలాగూ కూర్చోబెడుతున్నారు, అదే చేత్తో తెలుగు కూడా చదివించండి మాస్టారూ, ఒక నిమిషం ఎక్కువ పడుతుంది అంతే." సరే అని అసర్ తరహాలోనే తెలుగు కాగితం కూడా పక్కన పెట్టాను: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ.

ఆ ఒక్క నిమిషమే ఈ ప్రాజెక్టు దారి మార్చింది.

ఇంగ్లీషులో చిన్న ఏబీసీడీల దగ్గరే ఆగిపోయిన పిల్లల్లో దాదాపు అందరూ తెలుగులో ఒత్తులు రాగానే ఆగిపోయారు. కొందరికి గుణింతమే సరిగా లేదు. "క కా కి కీ" అని మొదలుపెడితే చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్తారు, అదే వరసలోంచి ఒక్క "కొ" మీద వేలు పెట్టి ఇదేటి అని అడిగితే మళ్ళీ "క" దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. రెండో వైపు, తెలుగు కథ గడగడా చదివేసిన పిల్లల్లో ఇంగ్లీషు మాటలు అస్సలు చదవలేనివాళ్ళు చాలా తక్కువ. వాళ్ళకి ఇంగ్లీషులో అర్థం తెలియదు, ఉచ్చారణ తప్పుతుంది, అయినా ఒక మాటని చూసి విడగొట్టి కలిపే ప్రయత్నం చేస్తారు. తెలుగు రానివాళ్ళు ఆ ప్రయత్నమే చెయ్యరు, మొదటి అక్షరం చూసి తోచిన మాట చెప్పేస్తారు లేదా మన మొహంలోకి చూస్తారు.

కింది గ్రూపుకి ఇంగ్లీషు సపోర్టు అంటే ముందు తెలుగు చదవడం అని అప్పుడే తేల్చుకున్నాను. దీనికి ఒప్పించడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

జులై మొదటి వారం

మూడు గ్రూపులు. తరగతులతో సంబంధం లేదు, ఆరు, ఏడు, ఎనిమిది కలిసిపోయి ఎవరికి ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి. ఒకటో గ్రూపు, రెండో గ్రూపు అని పెడితే మర్నాటికే "మొద్దు గ్రూపు" అనే పేరు పడుతుంది. అందుకని మన నదుల పేర్లు పెట్టాం, కింది నుంచి పైకి: మహేంద్రతనయ, నాగావళి, వంశధార. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు రెండు రోజులు గమనించి "సార్, మహేంద్రతనయ అంటే ఏటీ రానోళ్ళు కదా" అన్నాడు. పేర్లతో పిల్లల్ని మోసం చెయ్యలేం. వాడికి అబద్ధం చెప్పకుండా, "ఇప్పుడు రాదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు మారిపోతారు, నెలనెలా మళ్ళీ చదివిస్తాను" అని చెప్పాను. నిజంగానే మారుస్తున్నామని కళ్ళతో చూశాకే ఆ గొడవ తగ్గింది.

టైము సంగతి. సాయంత్రం స్కూలు వదిలాక పెడదాం అన్నది మొదటి ఆలోచన. కానీ మా పిల్లల్లో సగం మంది పక్క ఊళ్ళ నుంచి ఆటోల్లో వస్తారు, ఆటో తప్పితే నడకే, ఆడపిల్లల్ని ఆపితే ఇళ్ళ దగ్గర టెన్షన్. పొద్దున్నే రమ్మంటే పొలం పన్లు, చెల్లెళ్ళని తయారుచెయ్యడం ఉంటాయి. ఆఖరికి మధ్యాహ్నం అన్నాలు అయ్యాక మొదటి పీరియడ్ దక్కింది. లెక్కల మేడం, సోషల్ మాస్టారు వారంలో కొన్ని పీరియడ్లు వదులుకున్నారు, ఊరికే కాదు లెండి, పదో తరగతికి వాళ్ళకి కావలసినప్పుడు నా పీరియడ్లు ఇవ్వాలన్న ఒప్పందం మీద. అన్నం తిన్న వెంటనే పిల్లలు మత్తుగా ఉంటారని అందరూ అన్నారు. ఉంటారు. నిలబెట్టి, చేతులతో కాళ్ళతో చేయించే పనులు ముందు పెట్టి పది నిమిషాలు గడిపితే మత్తు వదులుతుంది.

ఒక్కణ్ణే మూడు గ్రూపులు నడపలేను కాబట్టి మహేంద్రతనయని తెలుగు మాస్టారూ నేనూ పంచుకున్నాం, వంశధార గ్రూపుకి తొమ్మిదో తరగతి అమ్మాయిలు కొందరు సాయం వస్తున్నారు.

జులై, మెగా పేరెంట్స్ మీటింగ్ తర్వాత

10వ తేదీన పేరెంట్స్ మీటింగ్. ఈ క్లాసుల గురించి తల్లిదండ్రులకి చెప్పే అవకాశం నాకు అదే. మా ఊళ్ళ నుంచి చాలామంది హైదరాబాద్, విశాఖ, చెన్నై వైపు బిల్డింగ్ పన్లకి వెళ్ళిపోతారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర ఉంటారు, అందుకని మీటింగుకి వచ్చినవాళ్ళలో ముసలివాళ్ళే ఎక్కువ. కింది గ్రూపు పిల్లలకి కొన్నాళ్ళు తెలుగు చదివిస్తామని చెప్పగానే ఒకాయన లేచారు. "ఇంగ్లీషు నేర్పుతారని మురిసిపోతన్నాం గానీ, తెలుగెందుకండి మేష్టారూ, ఇంటికాడ మాటాడతన్నాడు కదా."

చాలా న్యాయమైన ప్రశ్న, అక్కడ పిల్లల భాషాభివృద్ధి గురించి ఉపన్యాసం మొదలుపెడితే ఎవరూ వినరు. ఆయన మనవడినే పిలిచి తెలుగు పుస్తకంలో నాలుగు లైన్లు చదవమంటే సరిపోయేది, కానీ అంతమందిలో వాడి పరువు తియ్యడం ఇష్టం లేక అలా చెయ్యలేదు. మీటింగు అయ్యాక తాతనీ మనవణ్ణీ పక్కకి తీసుకెళ్ళి చదివించాను. తాత ఏమీ అనలేదు, "మరి మీ ఇష్టం బావూ" అని సంతకం పెట్టి వెళ్ళారు.

హెచ్‌ఎం గారి అనుమానం వేరు. "పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే ఇంగ్లీషు సపోర్టు అని రాసి తెలుగు చెప్తున్నారేమిటంటే ఏం చెప్పాలి మాస్టారూ?" రిజిస్టర్లో 'చదవడం పునాది' అని హెడ్డింగు మార్చాం. ఆఫీసు వ్యవహారంలో హెడ్డింగు మారిస్తే సగం సమస్యలు పోతాయి.

ఆగస్టు

ఈ నెల పని గురించి వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తే ఇదే పనికొస్తుంది.

తెలుగు చదవడం వచ్చిన పిల్లాడు ఇంగ్లీషు దగ్గర ఎందుకు తడబడతాడు? తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం, 'మ' పేరు మ, పలికేదీ మ. ఇంగ్లీషులో 'డబ్ల్యూ' అనే పేరులో 'వ' శబ్దం లేదు, 'వై' అనే పేరులో 'య' లేదు. ఏబీసీడీలు పాటలా వచ్చిన పిల్లాడు "పి, ఐ, ఎన్" అని గట్టిగా చదివి ఆ మూడు పేర్లు కలిపితే ఏమవుతుందో తెలియక ఆగిపోతాడు. అందుకని పేర్లు పక్కనపెట్టి శబ్దాలతో మొదలుపెట్టాం, అదీ ఏబీసీడీ వరసలో కాదు. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలు ముందు. ఫోనిక్స్ అంటే ఇలా శబ్దాలతో చదవడం చెప్పేవాళ్ళు చాలామంది ఈ వరసే వాడతారు, కారణం ఈ ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, ప్యాన్ లాంటి మాటలు బోలెడు తయారవుతాయి, మొదటి వారంలోనే పిల్లాడు ఒక మాట సొంతంగా చదివేస్తాడు.

ఇక్కడే తెలుగు నేర్పిన కష్టం కలిసొచ్చింది. తెలుగులో 'పి' అనేది ఒకే రూపం, హల్లు, అచ్చు అందులో కలిసిపోయి ఉంటాయి. ఇంగ్లీషులో ఆ రెండూ విడివిడిగా పక్కపక్కన నిలబడతాయి. కాబట్టి పిల్లాడికి 'పి' అంటే ప్ + ఇ అని విడగొట్టడం తెలియాలి. ఎవరికి తెలుస్తుంది? గుణింతం అర్థమై, పొల్లు అక్షరం అంటే ఏమిటో తెలిసినవాడికి. బోర్డు మీద ప్, ఇ, న్ అని తెలుగులోనే రాసి, కలిపి 'పిన్' అనిపించి, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు పెడితే గుణింతం వచ్చిన పిల్లలు ఒక్క పీరియడ్‌లో పట్టుకున్నారు. గుణింతం రానివాళ్ళకి వారం తర్వాత కూడా అది మంత్రంలాగే ఉంది. మాస్టారు చెప్పిన ఆ ఒక్క నిమిషం పరీక్ష విలువ నాకు అక్కడ తెలిసింది.

రెండో సంగతి. ఈ పిల్లలకి ఇంగ్లీషు రాదు అంటాం గానీ నోటితో వాళ్ళకి వచ్చిన ఇంగ్లీషు మాటలు రాయడం మొదలుపెడితే బోర్డు చాలలేదు. బస్సు, టికెట్, ఛార్జర్, రీఛార్జ్, బ్యాటరీ, సిగ్నల్, లోన్, కార్డు, మోటారు, స్టార్టరు, బోరు, ట్రాక్టరు, సిమెంటు, బ్రిక్స్, సెంట్రింగ్... సెంట్రింగ్ అన్నవాడి నాన్న హైదరాబాద్‌లో అదే పని చేస్తాడు. నోటికి తెలిసి కంటికి తెలియని మాటలివి. కొత్త మాట, కొత్త అర్థం, కొత్త అక్షరాలు మూడూ ఒకేసారి నెత్తిన పెట్టే కన్నా, అర్థం ముందే తెలిసిన మాటని అక్షరాల్లో చూపిస్తే పని ఒక్కటే మిగులుతుంది. 'ఛార్జర్' అనే మాట పెద్దగా రాసి పెట్టాను, సి-హెచ్ రెండూ కలిస్తే వచ్చే శబ్దం పాఠం అక్కడే అయిపోయింది, వేరే రూల్ చెప్పనక్కర్లేదు.

తర్వాత ఇళ్ళ నుంచి అచ్చు ఉన్న కాగితాలు ఏవైనా తెమ్మన్నాను. బిస్కెట్ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, మందు స్ట్రిప్పులు, టికెట్లు, ఒకడు ఖాళీ యూరియా బస్తా భుజాన వేసుకొచ్చాడు. యూరియా బస్తా మీద ఎంత ఇంగ్లీషు ఉంటుందో మీరెప్పుడైనా చదివారా? అక్షరాలు పెద్దవి, మాటలు తక్కువ, బరువు అంకెల్లో ఉంటుంది, ఇంటిల్లిపాదికీ ఆ సరుకేమిటో తెలుసు. 'నీమ్' అనే మాట చూపించి ఇదేమిటో చెప్పుకోండంటే నాగావళి గ్రూపు చదివింది, వేప అని నేను చెప్పేలోపే వెనకనుంచి ఎవరో "ఏప సారూ, ఏప నూని రాత్తారు దీనికి" అన్నారు. బస్తా ఇంకా క్లాసు గోడకే ఉంది. మందు స్ట్రిప్పులు మాత్రం తర్వాత మాన్పించాను, చిన్నపిల్లలు ఇంట్లో మందుల పెట్టె కదపడం మంచిది కాదని.

ఉచ్చారణ గురించి ఒక మాట. 'స్కూల్' అనమంటే 'ఇస్కూలు' అంటారు, 'బుక్' చివర ఉకారం వచ్చేస్తుంది, 'ఫ్యాన్' కాస్తా 'పేను' అవుతుంది. మా స్టాఫ్‌లో కొందరికి అది వినగానే నవ్వు, సరిదిద్దాలన్న తొందర. ఇప్పుడు వద్దన్నాను. చదువుతూ చదువుతూ ఉన్న పిల్లాణ్ణి ప్రతి మాటకీ ఆపితే వాడు నోరు మూసుకుంటాడు, మూసుకున్న నోరు మళ్ళీ తెరిపించడం నాకు చేతకాదు. అర్థం మారిపోయే చోట మాత్రమే ఆపుతున్నాం.

ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవం. ప్రతి ఏడూ గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ, రెండు ఉపన్యాసాలు, ఒక వ్యాసరచన పోటీతో అయిపోతుంది. ఈసారి నేనూ మాట్లాడతానన్నాను, ఇంగ్లీషు మాస్టారికి ఇక్కడేం పని అని నవ్వారు.

గిడుగు వారు మనవాళ్ళే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, ఇదే వంశధార ఒడ్డున పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, పర్లాకిమిడిలో ఆయన పంతులుగా ఉంటూ చేసిన ఇంకో పని ఎక్కువమంది చెప్పుకోరు. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తనకి రావాలని సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. తెలియని భాషలో చదువు మొదలుపెడితే పిల్లాడు అక్షరాన్నీ అర్థాన్నీ ఒకేసారి మొయ్యాలి, అది కుదరదని ఆయనకి వందేళ్ళకి పైగా ముందే తెలుసు.

నేను చెప్పింది ఇంతే: మా ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో ఇంగ్లీషు పేజీ అర్థం కాకపోతే తెలుగు పేజీ చూడమంటాం, ఆ పేజీలో 'కిరణజన్య సంయోగక్రియ' అని ఉంటుంది. "ఏటి సేత్తన్నావ్" అని మాట్లాడుకునే గుంటకి ఆ రెండు పేజీలూ దూరమే. ఆకు ఎండని పట్టుకుని తన తిండి తనే వండుకుంటుంది అని మన మాటల్లో చెప్పి, ఆ తర్వాత పుస్తకం మాట, ఆ తర్వాత ఇంగ్లీషు మాట, ఈ వరసలో వెళ్ళాలి. సైన్సు మేడం ఒప్పుకున్నారు, అప్పట్నుంచి కొత్త పాఠం మొదలుపెట్టే ముందు పది మాటలు నాకు పంపిస్తున్నారు, నేను సపోర్టు పీరియడ్‌లో వాటిని ముందే చదివిస్తున్నాను. చిన్న ఏర్పాటే, పిల్లలు సైన్సు క్లాసులో చెయ్యెత్తడం మొదలైంది దీని తర్వాతే.

సెప్టెంబరు

వంశధార గ్రూపు సంగతి ఇప్పటిదాకా రాయలేదు. వీళ్ళు వాక్యాలు చదవగలరు. వీళ్ళ ఇబ్బంది పాఠ్యపుస్తకం. ఇంగ్లీషు రీడర్‌లో ఒక పేజీ ఇచ్చి తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టమంటే పేజీ అంతా గీతలే. వంద మాటల్లో 98 తెలిస్తేనే పాఠకుడు సాయం లేకుండా హాయిగా చదువుకోగలడని పదజాలం మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్తారు. మా పిల్లలు ఆ దరిదాపుల్లో లేరు.

ఇది కొత్త సమస్య కాదు. 1920ల్లో ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ అనే ఆయన బెంగాలీ పిల్లల విషయంలో ఇదే చూశారు. పుస్తకాల్లో కొత్త మాటలు మరీ ఒత్తుగా ఉన్నాయి, పిల్లలకి ముందు చదవడం నేర్పండి, అదీ తక్కువ మాటలతో రాసిన కథలతో, అని ఆయన వాదన. వాడుకలో ఎక్కువగా వచ్చే రెండు వేల దాకా ఇంగ్లీషు మాటల జాబితాని 1953లో అచ్చువేశారు కూడా. నూరేళ్ళ తర్వాత కూడా మనం ఎనిమిదో తరగతి పిల్లాడి ముందు వాడికి ఎక్కని పేజీ పెట్టి ప్రశ్న-జవాబు రాయిస్తున్నాం.

పాఠ్యపుస్తకాన్ని మార్చడం నా చేతిలో లేదు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ప్రథమ్ బుక్స్ వాళ్ళ కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిలవారీగా ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, చాలా కథలకి తెలుగు కూడా ఉంది. వారానికి ఒక కథ ప్యానెల్ మీద, ఇంకో రెండు జెరాక్స్. మొదటి స్థాయి కథలు ఇస్తే ఎనిమిదో తరగతి మగపిల్లలు "ఇవి చిన్నపిల్లలవి సారూ" అని మొహం మాడ్చారు, అందుకని ఆ కథలే ఆరో తరగతి వాళ్ళకి మీరు చదివి వినిపించాలి అని పని అప్పజెప్పాం. వినిపించాలంటే ముందు తను నాలుగుసార్లు చదువుకోవాలి కదా. ఇది తొమ్మిదో తరగతి అమ్మాయిల ఐడియా, నాది కాదు.

గ్రామర్ ఎప్పుడు చెప్తారు అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. చదవడం రాని పిల్లాడికి టెన్సుల టేబుల్ ఇస్తే ఆ టేబుల్‌ని కూడా బట్టీ పడతాడు. ఎక్కువగా దొర్లే రెండు మూడు తప్పులు మాత్రం కథల్లోంచే పట్టుకుంటున్నాం. 'అతను టీచర్' అంటే తెలుగులో వాక్యం పూర్తి, అందుకని ఇంగ్లీషులో 'ఈజ్' ఎప్పుడూ ఎగిరిపోతుంది. కథలో ప్రతి 'ఈజ్' చుట్టూ సున్నా చుట్టమంటే చాలు, వాళ్ళకే తెలుస్తోంది.

అక్టోబరు

దసరా సెలవులు, తర్వాత వానలు, నెల చివర్లో మొంథా తుఫాను. ఈ నెల పెద్దగా రాయడానికి ఏమీ లేదు. సెలవుల తర్వాత మహేంద్రతనయ గ్రూపు సగం వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ఆరు అక్షరాల దగ్గర్నుంచి ఎత్తుకున్నాం. ఇద్దరు పిల్లలు తల్లిదండ్రులతో పనికి వెళ్ళిపోయారు, చెన్నై నుంచి వచ్చిన ఒకమ్మాయి చేరింది, ఆ అమ్మాయికి తమిళ అక్షరాలు వచ్చు, తెలుగు మాట్లాడుతుంది, చదవదు. తమిళంలో పొల్లు అక్షరానికి నెత్తిన చుక్క పెడతారట, అది చూపించి 'న్' అర్థం చేసుకుంది. మిగతా పిల్లల కన్నా త్వరగా పట్టుకుంది. ఏ భాషలోనైనా చదవడం ఒకసారి వస్తే రెండోది సులువు అన్నదానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకొకటి. మహేంద్రతనయలో ఒక పిల్లాడు పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతున్నాడని తెలుగు మాస్టారు కనిపెట్టారు. కంటి పరీక్ష చేయించి అద్దాలు వచ్చాక వాడు బోర్డు చూడగలుగుతున్నాడు. చదువులో వెనకబడ్డ పిల్లలందరికీ ముందు కళ్ళు, చెవులు చూపించడం మా లిస్టులో మొదటి పనిగా చేర్చాం. ఇంకొక అమ్మాయికి ఎంత చెప్పినా అక్షరాలు నిలవట్లేదు, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసే భవిత కేంద్రం వాళ్ళని వచ్చి చూడమన్నాం.

నవంబరు

వంశధార గ్రూపుకి రైలు టైంటేబుల్ ఇచ్చాం. ఐడియా నాది కాదు, 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు గారు దక్షిణ భారతంలోని స్కూళ్ళలో నడిపిన బెంగళూరు ప్రాజెక్టుది. గ్రామర్ పాఠం చెప్పకుండా, పిల్లలకి తేల్చాల్సిన ఒక పని ఇచ్చి, ఆ పని చేస్తూ చేస్తూ ఇంగ్లీషు వాడేలా చెయ్యడం ఆయన పద్ధతి. మ్యాపులు, రైలు టైంటేబుళ్ళు ఆయన క్లాసుల్లో మామూలు.

మా దగ్గరి స్టేషన్ తిలారు. అటు ఉర్లాం, శ్రీకాకుళం రోడ్డు, ఇటు హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, నౌపడ, పలాస. సగం మంది పిల్లలకి ఈ లైను కంఠతా వచ్చు, నాన్నని ఎక్కించడానికో దించుకోవడానికో వెళ్ళినవాళ్ళే. టైంటేబుల్ ఇంగ్లీషులో ప్రింట్ తీసి, ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఇచ్చాం: మీ మావయ్య మధ్యాహ్నం ఒంటిగంటకి విశాఖలో ఆసుపత్రిలో ఉండాలి, తిలారులో ఏ బండి ఎక్కాలి? ఆ బండి తప్పిపోతే? శ్రీకాకుళం రోడ్డు దాకా ఆటోలో వెళ్తే ఎక్స్‌ప్రెస్ ఏదైనా దొరుకుతుందా?

వాదనలు తెలుగులోనే అయ్యాయి, అవనివ్వండి. జవాబు మాత్రం ఇంగ్లీషులో రాసి, నిలబడి చదవాలి. అరైవల్, డిపార్చర్ తేడా ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది, తప్పు చదివితే మావయ్య బండి తప్పిపోతాడు. ఒక గ్రూపు తను ఎంచుకున్న ఎక్స్‌ప్రెస్ తిలారులో ఆగదని గమనించకుండా టికెట్ కొనేసింది, పక్క గ్రూపు వాళ్ళని రెండు రోజులు ఏడిపించింది. ఈ పీరియడ్ అయిపోయింది అంటే వద్దు సార్ అన్నది ఈ ఏడాదిలో ఇదొక్కసారే.

నాగావళి గ్రూపుకి ఈ నెల, మాట చివర వచ్చే ఇంగ్లీషు అక్షరం 'ఇ' (E) పని. 'క్యాప్' చివర 'ఇ' చేర్చితే 'కేప్', 'పిన్'కి చేర్చితే 'పైన్'. తను పలకదు, ముందున్న అచ్చు శబ్దాన్ని మార్చేస్తుంది. "పలకనప్పుడు రాయడమెందుకు సారూ" అన్నారు. వాళ్ళు అడిగింది సబబే, నా దగ్గర మంచి జవాబు లేదు, ఇంగ్లీషు అంతే అన్నాను.

డిసెంబరు

పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక మొదలైంది. ఒప్పందం ప్రకారం నా పీరియడ్లు వెనక్కి ఇవ్వాలి, ఇచ్చాను. సపోర్టు క్లాసులు వారంలో సగానికి పడ్డాయి. ఎవరినీ అనడానికి లేదు, ఊళ్ళో స్కూలు పేరు పదో తరగతి రిజల్టుతోనే వస్తుంది, ఆరో తరగతి పిల్లాడు 'పిన్' చదివాడని ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. కానీ నాలుగేళ్ళ తర్వాత ఆ వంద రోజుల్లో ఏడ్చేది వీళ్ళే కదా, అందుకని క్లాసు పూర్తిగా ఆపకుండా ప్రార్థన ముందు ఇరవై నిమిషాలు చదివే టైము పెట్టాం, తొమ్మిదో తరగతి అమ్మాయిలే నడుపుతున్నారు.

జూన్‌లో పెట్టిన పరీక్షే మళ్ళీ పెట్టాను, అదే వరండా. నాగావళిలో ఎక్కువమంది వాక్యాలు చదివి పై గ్రూపుకి వెళ్ళారు. వంశధారలో చదవడం బాగుంది, రాయడం ఇంకా బట్టీయే. మహేంద్రతనయలో తెలుగు ఒత్తులు దాటినవాళ్ళు ఇంగ్లీషు మూడు అక్షరాల మాటలు చదువుతున్నారు, తెలుగు ఒత్తులు దాటనివాళ్ళు అక్కడే ఉన్నారు, ఇద్దరు ముగ్గురు తప్ప. ఆ కాగితాలు హెచ్‌ఎం గారి టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. చూసి, వచ్చే జూన్‌లో ఆరో తరగతిలో చేరేవాళ్ళందరికీ చేరిన వారంలోనే రెండు భాషల్లోనూ ఈ పరీక్ష పెట్టేద్దాం, రిజిస్టర్లో హెడ్డింగు మాత్రం మీరే చూసుకోండి అన్నారు.

సంక్రాంతి సెలవులకి దసరాలా జరగకూడదు. ఒక్కొక్కరికి నాలుగేసి కథల ప్రింట్లు, రెండు తెలుగు, రెండు ఇంగ్లీషు, ఇంట్లో ఎవరికో ఒకరికి చదివి వినిపించి కాగితం వెనక వాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకురావాలి. పండక్కి వలస వెళ్ళిన నాన్నలు కూడా ఊరికి వస్తారు, వినేవాళ్ళకి లోటుండదు. జెరాక్స్ షాపతను మొత్తం ఒకేసారి ఇస్తే పేజీకి పావలా తగ్గిస్తానన్నాడు, శనివారం వెళ్ళాలి.